ఆరు లక్షల లీజుకు కాగితం రాయించుకున్న అనుభవం

తిరుపతిలో ఇల్లు వెతుక్కునేవాళ్ళు గేటుకు కట్టిన బోర్డు మీద ముందు ఒక మాట చూస్తారు. ‘బాడుగకు’ అని ఉంటే నెలనెలా డబ్బు కట్టాలి. ‘లీజుకు’ అని ఉంటే నాలుగైదు లక్షలో, ఆరేడు లక్షలో ఒక్కసారే ఇంటివాళ్ళ చేతిలో పెట్టి, బాడుగ లేకుండా రెండు మూడేళ్ళు ఉండి, ఖాళీ చేసేనాడు ఆ డబ్బు మొత్తం వెనక్కి తీసుకోవాలి. వాళ్ళు వడ్డీ ఇవ్వరు, మనం బాడుగ ఇవ్వం. చట్టంలో లీజు అంటే బాడుగకు ఇవ్వడమే. మా ఊళ్ళో లీజు అంటే బాడుగ లేకపోవడం. ఈ తేడా ఒట్టి మాటల్లోదే అని చాలా కాలం అనుకున్నాను. దాని ఖరీదు ఎంతో కొర్లగుంట ఇంట్లో తెలిసొచ్చింది.

మా ఆయన సొంత కారు నడుపుతారు. రేణిగుంట విమానాశ్రయం నుంచీ, రైల్వే స్టేషన్ నుంచీ యాత్రికుల్ని కొండకు తీసుకెళ్తారు. నేను ఒక ప్రైవేటు బళ్ళో టీచర్ని. నెలకు ఎనిమిది వేలు బాడుగ కట్టే బదులు, పాడిన చీటీ డబ్బుకు నా గాజులు కుదువ పెట్టి తెచ్చింది కలిపి, నాలుగు లక్షలకు కొర్లగుంటలో మేడమీద పోర్షను లీజుకు తీసుకున్నాం. నూరు రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలల బాడుగ ఒప్పందం టైపు చేయించారు. అందులో ‘అడ్వాన్సు రెండున్నర లక్షలు’ అని మాత్రమే రాశారు. మిగతా లక్షన్నర నగదుగా ఇచ్చాం, దానికి రసీదు లేదు. నోటరీ ఎర్ర ముద్ర వేయించి తెచ్చిస్తే, సర్కారు ముద్ర పడిందిగదా ఇంకేం భయం అనుకున్నాను. నోటరీ ముద్రకూ రిజిస్ట్రేషన్‌కూ సంబంధమే లేదని ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. 11 నెలలు అయిపోయాక ఆ కాగితాన్ని మళ్ళీ తిరగరాయనూ లేదు.

మూడో ఏడు ఒక పొద్దున, బడికి బయలుదేరుతుంటే గేటు పక్క గోడకు ఒక నోటీసు అంటించి ఉంది. ఇంటి మీద తీసుకున్న అప్పు కట్టనందున ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకుంటోందని రాసుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువు నోటీసు ఇంటి యజమానికి అంతకుముందే వచ్చింది. ఆయన మాకు చెప్పలేదు. మా చేతికి తాళాలు ఇచ్చేనాటికే ఇల్లు తాకట్టులో ఉందన్న సంగతీ చెప్పలేదు. నోటీసు తెలుగు పేపర్లో కూడా పడింది. బళ్ళో తోటి టీచరు ఆ పేపరు తెచ్చి చూపిస్తే చదవడానికి కళ్ళు నిలవలేదు.

కోర్టు దగ్గర ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. మా కాగితం చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఓపికగా ఒక్కొక్కటే చెప్పారు. బ్యాంకులో తాకట్టు ఉన్న ఇంటిని యజమాని బాడుగకు ఇవ్వచ్చు. కానీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 65-ఏ సెక్షను దానికి హద్దులు పెట్టింది. ఆ ఇంటికి రావలసిన న్యాయమైన బాడుగ రావాలి, ముందుగా డబ్బు పుచ్చుకోకూడదు, కట్టడమైతే గడువు మూడేళ్ళు దాటకూడదు. బ్యాంకు పత్రాల్లో ఇంకా గట్టిగా కూడా రాసుకోవచ్చు. ‘‘మీరు బాడుగ కట్టడం లేదు, మొత్తం డబ్బు ముందే ఇచ్చేశారు. రెండూ దానికి ఎదురేనమ్మా’’ అన్నారు. అప్పుల ట్రిబ్యునల్‌కు వెళ్ళి బాడుగదారుల హక్కు అడగచ్చు, సర్ఫేసీ చట్టానికి 2016లో చేసిన సవరణ ఆ దారి చూపింది. అయితే అక్కడ చూపించడానికి మా చేతిలో ఉన్నది గడువు తీరిన 11 నెలల కాగితం.

ట్రిబ్యునల్ దాకా పోలేదు. యజమాని ఊళ్ళో కొంత భూమి అమ్మి బ్యాంకుతో సర్దుబాటు చేసుకున్నాడు. మా డబ్బు అయిదు విడతలుగా, ఎనిమిది నెలలకు వచ్చింది. కాగితంలో లేని లక్షన్నర కూడా ఇచ్చాడు, అది ఆయన మంచితనమే అనాలి. ఇవ్వకపోయుంటే మేం చేయగలిగింది ఏమీ లేదు. ఈలోగా నా గాజులు వేలంలో పోయాయి.

అందుకే రెండోసారి, ఎం.ఆర్.పల్లిలో కింది పోర్షను చూసినప్పుడు, వంటగది బాగుందా, నీళ్ళు వస్తాయా అని అడగడానికి ముందే ఈసీ, అంటే ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్లూ చూపించే పత్రం అడిగాను.

ఇంటాయన ఆర్టీసీలో పనిచేసి రిటైరయినవారు. కొడుకు బెంగళూరులో ఉంటాడు. పై పోర్షనులో ఆయనా, ఆయన భార్యా ఉంటారు. ఆరు లక్షలు, మూడేళ్ళు అన్నారు. నేను ఈసీ, ఒరిజినల్ డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు చూస్తానని చెప్పేసరికి ఆయన మొహం మాడిపోయింది.

‘‘ఏమమ్మణ్ణీ, ఇల్లు కొంటా ఉండావా, చేరతా ఉండావా?’’

మా ఆయన నా చెయ్యి నొక్కారు, ఊరుకో అన్నట్టు. నేను కొర్లగుంట సంగతి మొత్తం చెప్పాను, గాజుల సంగతితో సహా. ఆయన ఏమీ అనలేదు. వెనక నిలబడి వింటున్న పెద్దమ్మ లోపలికి వెళ్ళి ఒక రేకు పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. ‘‘చూసుకో తల్లీ. కాలిన చెయ్యి కదా’’ అంది.

క్రయ దస్తావేజు ఒరిజినల్ అందులోనే ఉంది. అది చేతిలో ఉండడమే సగం ధైర్యం. తాకట్టులో ఉన్న ఇంటి ఒరిజినల్ సాధారణంగా బ్యాంకు బీరువాలో ఉంటుంది. చదివితే కొన్నవారి పేరు ఆమెది. అంతసేపూ ‘నా ఇల్లు’ అని మాట్లాడింది ఆయన. చట్టం దృష్టిలో యజమాని ఆమె. ఆయన సంతకంతో రాసుకుని ఉంటే అది కూడా ఇంకో కొర్లగుంట కాగితమే అయ్యేది. ఈ ఒక్క విషయం కోసమైనా అందరూ క్రయ దస్తావేజు అడిగి చూడాలి. పుట్టింటివాళ్ళిచ్చిన డబ్బుతో కొన్న స్థలాలు మా వైపు చాలా ఉన్నాయి.

రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర 1983 నుంచి జరిగిన లావాదేవీలు కంప్యూటర్లో దొరుకుతాయి. వాళ్ళు కొన్న ఏడు మొదలు ఆ రోజు వరకూ ఈసీ తీయించాం. రెండు వరుసలే ఉన్నాయి. ఒకటి కొనుగోలు. రెండోది, కొడుకు చదువు కోసం ఒక బ్యాంకులో దస్తావేజులు తాకట్టు పెట్టినట్టు నమోదు. అప్పు ఎప్పుడో తీరిపోయింది. ఒరిజినల్ వెనక్కి వచ్చింది, బ్యాంకు ఇచ్చిన బాకీ లేదన్న లెటరూ పెట్టెలోనే ఉంది. కానీ తాకట్టు విడుదలైనట్టు రిజిస్టరు చేయించలేదు. ఈసీలో మాత్రం ఆ ఇల్లు ఇంకా తాకట్టులోనే కనిపిస్తోంది.

‘‘తీరిపోయిన అప్పుకు ఇంకా కాగితమేంది?’’ అన్నారు పెద్దాయన. రేపు ఇల్లు అమ్మాలన్నా, మనవడి చదువుకు అప్పు కావాలన్నా మీకే అడ్డం అని నచ్చజెప్పాం. బ్యాంకు వాళ్ళు వచ్చి విడుదల రసీదు రిజిస్టరు చేయడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ బ్రోకరు రోజూ ఫోను చేసి, వేరే పార్టీ డబ్బుతో రెడీగా ఉందనేవాడు. మేం పదివేలు మాత్రం బ్యాంకు ద్వారా టోకెను పంపి, ఈసీ శుభ్రం కాకపోతే వెనక్కి ఇవ్వాలని ఒక తెల్లకాగితం మీద రాయించుకున్నాం.

లాయరమ్మ ఇంకొకటి చేయించారు. దస్తావేజులు బ్యాంకు చేతికిచ్చి అప్పు తీసుకోవడం ఏ రిజిస్ట్రేషనూ లేకుండా కూడా జరగచ్చు, అలాంటిది ఈసీలో కనబడదు. బ్యాంకులు పెట్టించుకున్న తాకట్లను నమోదు చేయడానికి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ 2011 నుంచి ఉంది. కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతకచ్చు. వెతికాం, ఏమీ లేదు. ఆ రాత్రి చాలా నెలల తర్వాత నిద్ర పట్టింది.

ఇక కాగితం రాయడం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటరు, పేర్లు మార్చి ఖాళీలు నింపే 11 నెలల నమూనా తీశాడు. అడ్వాన్సు ఆరు లక్షలు, బాడుగ దగ్గర గీత. ‘‘ఊరంతా ఇదే మేడం’’ అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, నిజంగానే ఊరంతా అదే.

ఊరంతా 11 నెలలే ఎందుకు రాస్తారో అప్పుడు అర్థమైంది. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేసి తీరాలని ఆస్తి బదిలీ చట్టంలోని 107వ సెక్షను చెబుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షనుకు మన రాష్ట్రం 1999లో చేసిన సవరణ ప్రకారం, ఎంత తక్కువ గడువు లీజైనా రిజిస్టరు చేయాల్సిందే. అయినా ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోడానికి జనం పాత అలవాటుగా రాసుకునేది 11 నెలలు. నోటిమాట మాత్రం మూడేళ్ళు. తగాదా వస్తే నోటిమాట నిలబడదు. పోనీ మూడేళ్ళని రాసి రిజిస్టరు చేయకపోతే, అది మూడేళ్ళ లీజుగా చెల్లదు, నెలనెలా సాగే బాడుగగా మాత్రమే మిగులుతుంది. 15 రోజుల నోటీసుతో లేవమనచ్చు. చాలినంత స్టాంపు డ్యూటీ కట్టని కాగితాన్ని కోర్టులో పెడితే, తక్కువపడిన డ్యూటీకి పదింతల జరిమానా దాకా పడచ్చు.

అసలు చిక్కు అది కూడా కాదని లాయరమ్మ చెప్పారు. మన రాష్ట్రంలో 1960 నాటి బాడుగ నియంత్రణ చట్టం పోయి, 2017లో కొత్త చట్టం వచ్చింది. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా బాడుగ చట్టంలో, నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించకూడదని ఉంది. చట్టాలన్నీ నెల బాడుగ, దానికి తగ్గ అడ్వాన్సు అనే లెక్క మీద నడుస్తాయి. బాడుగే లేని ఇంటికి ఆరు లక్షల అడ్వాన్సు అని రాస్తే, ఆ రాతకూ జరిగినదానికీ పొంతన ఉండదు. ‘‘మీరు వాళ్ళకు ఆరు లక్షలు అప్పిస్తున్నారు. వడ్డీకి బదులు ఇంట్లో ఉంటున్నారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే దీని పేరు స్వాధీన తనఖా’’ అన్నారు.

ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షనులోనే దానికి చోటుంది. నూరు రూపాయలో అంతకు మించో అప్పయితే, రాసిచ్చినవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 59 చెబుతుంది. దీనివల్ల మాకు వచ్చే బలం కూడా చెప్పారు. మామూలు చేబదులు డబ్బు రాబట్టుకోడానికి దావాకు మూడేళ్ళే గడువు. ఆస్తి మీద తాకట్టుగా ఉన్న డబ్బుకు 12 ఏళ్ళు. తర్వాత ఎవరు ఆ ఇంటిని కొన్నా, ఎవరు తాకట్టు పెట్టించుకున్నా, ఈసీలో మా దస్తావేజు కనిపిస్తుంది, తెలియదని అనలేరు.

ఒక మెలిక ఉంది. ఒట్టి స్వాధీన తనఖా అయితే డబ్బు ఇచ్చేదాకా ఇంట్లో కూర్చోగలం, అంతే. ఇల్లు వేలం వేయించి డబ్బు ఇప్పించమని అడిగే హక్కు రాదు. అందుకని ‘ఫలానా తేదీకి ఆరు లక్షలూ చెల్లిస్తాను, చెల్లించనిచో ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చును’ అన్న వాక్యం ఆవిడ పట్టుబట్టి రాయించారు. దస్తావేజు మొత్తంలో నేను వేలు పెట్టి మూడుసార్లు చదువుకున్నది ఆ వాక్యమే.

తనఖా అన్న మాట విని పెద్దాయన లేచి నిలబడ్డారు. ‘‘రిటైరయినాక ఇల్లు తాకట్టు పెట్టినాడని నలుగురూ అనుకోవాల్నా?’’ అన్నారు. నాకు జవాబు తోచలేదు. ఆయన బాధ నిజమైనదే. ఊళ్ళో లీజుకు ఇస్తే గౌరవం, తాకట్టు పెడితే నామోషీ.

జవాబు పెద్దమ్మ చెప్పింది. వాళ్ళది చంద్రగిరి దగ్గర పల్లె. ‘‘కరువుకు మా నాయన చెరువు కింది మడి రెండెకరాలు భోగ్యానికి పెట్టినాడు. వాళ్ళు మూడేండ్లు పండించుకున్న్యారు. నాయన దుడ్డు కట్టేసి విడిపించుకున్న్యాడు. ఎవురన్నా ఏమన్నా అన్న్యారా? ఇదీ భోగ్యమే కదా. పేరు లీజని పెట్టుకున్న్యాం, అంతే’’ అంది. లాయరమ్మ ఆమెవైపు చూసి, ‘‘సరిగ్గా అదేనమ్మా’’ అన్నారు. నేను నెల రోజులుగా లాయరు చుట్టూ తిరిగి తెలుసుకున్నది, ఆ తల్లికి పుట్టింట్లోనే తెలుసు. పల్లెలో భూమికి ఉన్న పద్ధతి పట్నంలో ఇంటికి వచ్చేసరికి పేరు మారింది, రాత పోయింది.

ఆ తర్వాత మాటలు సులువుగా సాగాయి. డ్యూటీ ఎవరు కట్టాలన్నది కాసేపు నలిగింది. వేరే ఒప్పందం లేకపోతే లీజుకు చేరేవాళ్ళు, తనఖాకు రాసిచ్చేవాళ్ళు కట్టాలని స్టాంపు చట్టం 29వ సెక్షను. లీజుకంటే ఖర్చు ఎక్కువే అయింది. కాగితం కోరుకుంది మేం గనక అంతా వాళ్ళ మీద వేయడం ధర్మం కాదనిపించి, సగం సగం అనుకున్నాం.

పెద్దాయనకు ఉన్న ఒకే భయం యాత్రికులు. మా ఆయనది కారు వృత్తి కాబట్టి, రాత్రిపూట వచ్చే పార్టీలకు గది చూపించి రోజు బాడుగ తీసుకుంటామేమో అని. తిరుపతిలో ఈ భయం ఉత్తది కాదు. బ్రహ్మోత్సవాలప్పుడు ఇళ్ళల్లో పోర్షన్లు లాడ్జీలైపోతాయి. బయటివాళ్ళకు రోజు లెక్కన గానీ నెల లెక్కన గానీ ఇవ్వకూడదని రాశాం. మా చుట్టాలు దర్శనానికి వస్తే ఉండచ్చని నేను చేర్పించాను, పుట్టింటివాళ్ళు ఏడాదికి రెండుసార్లన్నా వస్తారు. ఇంటిపన్ను వాళ్ళది, మా మీటరు కరెంటు బిల్లు మాది, బోరు మోటారు చెడితే సగం సగం. గోడల్లో ఉన్న చెమ్మ, పగిలిన సింకు, పనిచేయని గీజరు ఫోటోలు తీసి రెండు ఫోన్లలోనూ ఉంచుకున్నాం. ఖాళీ చేసే రోజున డబ్బు మా ఖాతాలో పడిన తర్వాత అదే పూట తాళాలు ఇవ్వాలి.

డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే ఇచ్చాం. రెండు లక్షలు నగదుగా ఇవ్వమని పెద్దాయన అడిగారు, ఇంటికి రంగులు వేయించాలని. 20,000 రూపాయలు, ఆపైన అప్పుగానో డిపాజిట్‌గానో నగదు పుచ్చుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, పుచ్చుకున్నవారికి అంత మొత్తమూ జరిమానాగా పడచ్చు అని లాయరమ్మ చెప్పాక ఆయనే వద్దన్నారు. వెనక్కి ఇచ్చేటప్పుడూ అదే నియమం. కొర్లగుంటలో మేమిచ్చిన లక్షన్నర గుర్తొచ్చి కడుపులో కలుక్కుమంది.

రిజిస్ట్రేషన్ రోజు పెద్దగా చెప్పడానికేమీ లేదు. చలానా ముందే కట్టాం. పెద్దమ్మ వేలిముద్రలు అరిగిపోయి మిషను రెండుసార్లు పట్టలేదు, మూడోసారి పట్టింది. సాక్షులుగా బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు, మా బడి హెడ్‌మాస్టరు సంతకాలు చేశారు. కొడుకును రప్పించమన్నది లాయరమ్మే. పెద్దవాళ్ళకు ఏదన్నా అయితే మేం మాట్లాడవలసింది అతనితోనే కాబట్టి, కాగితంలో ఏముందో అతనికి మొదటిరోజే తెలిసి ఉండాలన్నారు.

పది రోజుల తర్వాత మళ్ళీ ఈసీ తీయించాను. విడుదల రసీదు కింద మా దస్తావేజు నంబరు, మా ఇద్దరి పేర్లు, ఆరు లక్షలు. ఆ కాపీ ఒకటి పెద్దమ్మకు ఇస్తే రేకు పెట్టెలో పెట్టుకుంది. మూడేళ్ళయ్యాక డబ్బు అందిన రోజునే మేం కూడా ఆఫీసుకు వెళ్ళి విడుదల రసీదు రిజిస్టరు చేసి ఇవ్వాలి. ఆ ఖర్చు మాదేనని దస్తావేజులో చివరి షరతుగా నేనే రాయించాను. ఆ బ్యాంకు వదిలేసినట్టు, ఆమె ఇంటి మీద మా పేరు ఒక్కరోజు కూడా ఊరికే మిగిలిపోకూడదు.